లంగరు ఉంగరానికి రెండు చుట్లు

మా ఆఫీసులో కొత్తగా ముగ్గురు చేరారట. పడవ మీద పని. వాళ్ళకు పనికొచ్చేటట్టు నాలుగు ముక్కలు రాసిమ్మని ఇప్పుడున్న ఆఫీసరుగారు ఫోను చేశారు. "మీ సర్వీసు విశేషాలు రాయండి" అన్నారు. నేను ఎప్పుడు చేరాను, ఎప్పుడు పర్మనెంటయింది, ఎవరు శాలువా కప్పారు, అవన్నీ నా ఫైల్లో ఉన్నాయి. ఓపికుంటే తీసి చూసుకోండి. నేను రాయబోయేది ముడి గురించి. లంగరుకు తాడు ఎట్లా కట్టాలి, ఎట్లా కట్టకూడదు, అంతే. నవ్వొస్తే నవ్వుకోండి. నేనూ మొదట్లో నవ్వినవాణ్ణే.

అసలు ఉద్యోగం ఏమిటంటే

మాది నెల్లూరులో సముద్రపు నీళ్ళు పరీక్షించే చిన్న ఆఫీసు. తీరం పొడుగునా కింద తడ దాకా కొన్ని చోట్లు గుర్తు పెట్టుకున్నాం. నెలనెలా పడవలో అక్కడికి పోయి, పైనీళ్ళు కొన్ని, అడుగునీళ్ళు కొన్ని సీసాల్లో పట్టి తేవాలి. లోతు కొలవాలి. నీటి ఒరవడి ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో యంత్రం దించి చూడాలి. ఇదంతా చదువుకున్నవాళ్ళు చేస్తారు. వాళ్ళు ఆ పని ముగించేదాకా పడవను ఒకేచోట నిలబెట్టడం నా పని.

వినడానికి ఇంతే. మా చుట్టాలు "ఏం చేస్తుంటావు?" అని అడిగితే "పడవ ఆపుతుంటాను" అనేవాణ్ణి. "ఆపడానికి కూడా జీతమా!" అని ముక్కున వేలేసుకునేవాళ్ళు. వాళ్ళను అని ఏం లాభం? సముద్రం మీద ఒకచోట నిలబడటమంటే ఏమిటో ఒడ్డున ఉన్నవాళ్ళకు తెలియదు.

ఒక్కసారి ఆలోచించండి. ఇరవై నాలుగు అడుగుల ఫైబరు పడవ. అందులో మనుషులు, ఇంజను, సీసాల పెట్టెలు. అవతల గాలి, అల, ఒరవడి, మూడూ కలిసి దాన్ని తోస్తుంటాయి. ఇదంతా నిలబడేది అడుగున, కంటికి ఆనని చోట, బురదలో దిగిన ఒక ఇనుపముక్క మీద. ఆ ఇనుముకూ మనకూ మధ్య బొటనవేలంత లావు తాడు. ఆ తాడుకూ ఇనుముకూ మధ్య ఒక ముడి, పిడికిట్లో ఇమిడిపోయేంత. అది నీళ్ళలోకి దిగాక మళ్ళీ పైకి వచ్చేదాకా ఏ ఆఫీసరూ చూడలేడు, మీరూ చూడలేరు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ ముడి వేశాను.

ఎద్దు ముడి

నాది సముద్రపు ఊరు కాదు. బుచ్చిరెడ్డిపాలెం పక్క పల్లె. వరి పండించే ఇల్లు. ఉద్యోగంలో చేరేనాటికి తాడుతో నాకు తెలిసిన పని గొడ్లను కట్టడమే. అందులో మాత్రం నేను మొనగాణ్ణని పొగరుండేది. ఎంత పొగరుబోతు గిత్తనైనా గుంజకు కట్టేస్తే కదిలేది కాదు.

నన్ను పోలయ్యన్న దగ్గర వేశారు. మైపాడు పక్క జాలరిపల్లె మనిషి. ఆఫీసు పడవ నడిపేది ఆయనే. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మాట తక్కువ. నోరు తెరిచాడంటే మాత్రం కరుకు. మొదటి వారంలోనే ఒక రోజు ఆయన ఇంజను పనిలో ఉండి, "అబ్బయా, ఆ కొత్త తాడుకు లంగరు కట్టు" అన్నాడు.

కట్టాను. గుంజకు ఎద్దును ఎట్లా కడతామో అట్లా. అవసరమైనప్పుడు కొస పట్టి ఒక్క గుంజు గుంజితే విడిపోయే ముడి అది, మా పొలాల్లో అందరూ వేసేదే. చేత్తో లాగి చూశాను, బిగువుగా ఉంది. లంగరు మీద కాలు పెట్టి తాడు గుంజాను. ఉక్కులాగా ఉంది. నా చేతిపనికి నేనే మురిసిపోయాను.

లంగరు వేశాం. అరగంట దివ్యంగా నిలబడ్డాం. తరవాత పడవ మెల్లగా మొహం తిప్పింది. పోలయ్యన్న తాడు లాగాడు. అది ఖాళీ బిందె చేదుకున్నంత తేలిగ్గా వచ్చేస్తోంది. కొస పైకొచ్చింది. దానికి ఏమీ లేదు. ఒకప్పుడు ముడి ఉన్నచోట తాడు వంకర తిరిగి ఉంది, అంతే.

"ఏం ముడేసినావు?" అన్నాడు.

వేసి చూపించాను. ఆయన దాన్ని చూసి, పడవ అంచు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "ఎద్దు ముడేసినావా సామీ! ఎద్దయితే ముడి ఊడినా పొద్దుగూకేలకు ఇంటికొస్తాది. లంగరు వస్తాదా?"

నాకు ఒళ్ళు మండింది. "లాగి చూసినా గదన్నా! కాలుబెట్టి గుంజినా. గట్టిగానే ఉండింది."

"లాగితే యా ముడైనా గట్టిగానే ఉంటాది. వదిల్తే ఏమైతాదో చూసినావా?"

ఎద్దు లాగితే ఒకటే లాగుడు. అల అట్లా కాదు. పడవను ఎత్తినప్పుడు తాడు బిగుస్తుంది, దించినప్పుడు వదులవుతుంది. మళ్ళీ బిగువు, మళ్ళీ వదులు. వదులైన ప్రతిసారీ ముడి వెంట్రుకవాసి జరుగుతుంది. గంటసేపు నిలబడితే ఎన్ని అలలు పోతాయో లెక్కేసుకోండి. ముడి ఊడేది లాగినప్పుడు కాదని నాకు ఆ రోజు దాకా తట్టనే లేదు. గట్టు మీద పుట్టినవాడికి తట్టే సంగతి కూడా కాదు.

ఆయన అప్పటికప్పుడు ఒక ఇనుప కడియం తీసి చూపించాడు. మీరూ చేతిలో తాడు పట్టుకుని చదవండి. తాడు కొసను లంగరు పైనుండే ఉంగరంలోంచి ఒకసారి దూర్చండి, మళ్ళీ ఇంకోసారి దూర్చండి. ఉంగరానికి రెండు చుట్లు పడతాయి. వాటిని బిగించకండి, కాస్త వదులుగా ఉంచండి. ఇప్పుడు కొసను అసలు తాడు వెనకనుంచి తిప్పి తెచ్చి, ఆ రెండు చుట్ల కిందనుంచి దూర్చండి. తడిపి బిగించండి. అల లాగిన కొద్దీ ఆ చుట్లే కొసను ఉంగరానికి అదిమి పట్టుకుంటాయి. తరవాత కొసతో అసలు తాడు చుట్టూ ఇంకో మెలిక. నైలాను తాడయితే రెండు మెలికలు, అది జారుడు ముండ. చివరికి జానెడు కొస మిగిలాలి. ఆ మిగిలిన కొసను పురికొసతో అసలు తాడుకు చుట్టి కట్టేయాలి. కొస కదలకపోతే ముడి కదలదు.

ఆయన చేతులు ఆ పని చేస్తుంటే నేను కన్నార్పలేదు. చూపు సముద్రం మీద ఉంది, మాట నాతో ఉంది, వేళ్ళు మాత్రం వాటిపాటికి అవి కట్టుకుంటూ పోతున్నాయి. ఇంత చిన్న ముడిలో ఇంత ఆలోచన ఎవరు పెట్టారో, ఎన్ని లంగర్లు పోగొట్టుకున్నాక పెట్టారో!

అప్పటి మా ఆఫీసరు వేరే. ఆయనకు కోపం ముక్కు మీదుండేది. లంగరు పోయిందని తెలిసి, ఇక నుంచి లంగరు కట్టినట్టు రోజూ రిజిస్టరులో సంతకం పెట్టాలన్నాడు. పెట్టాం. ఆయన ఒక్కసారి కూడా పడవ దగ్గరికి వచ్చి ముడి చూడలేదు. మీకూ అట్లాంటివాళ్ళు తగులుతారు. సంతకం పెట్టండి, కానీ అది పెట్టినందుకు పని అయిపోయిందనుకోకండి.

మస్తాన్ సాయిబు దూది

పోయిన లంగరు బదులు ఇంకొకటి చేయించడానికి పోలయ్యన్న నన్ను కావలి తీసుకుపోయాడు. అంత దూరం ఎందుకు, నెల్లూరులో చేసేవాళ్ళు లేరా అంటే, "చేసేవోళ్ళు ఉండారు. నున్నగా చేసేవోళ్ళు లేరు" అన్నాడు.

మస్తాన్ సాయిబు కొలిమి బజారు చివర. నాలుగు గోళ్ళ లంగరు, నడుమ కాడ, పైన ఉంగరం, అడుగున గోళ్ళు కలిసేచోట ఇంకో చిన్న ఉంగరం. అంతా అయిపోయిందనుకుని నేను లేచాను. ఆయన "కూర్చో సార్" అని లోపలనుంచి దూది ఉండ తెచ్చాడు. దాన్ని పై ఉంగరం లోపలి అంచు మీద మెల్లగా తిప్పుకుంటూ వచ్చాడు. ఒకచోట దూది పోగు పట్టుకుంది. ఆకురాయి తీసి అక్కడ రుద్దాడు. మళ్ళీ దూది. ఇంకోచోట పట్టుకుంది. మళ్ళీ రుద్దుడు. మూడోసారికి దూది ఎక్కడా ఆగకుండా గుండ్రంగా తిరిగొచ్చింది.

"ఇక్కడ దూది పట్టిందంటే రేపు తాడు పడతాది సార్. పట్టినచోటనే అరిగి తెగతాది" అన్నాడు.

"మీరు సముద్రం మీదికి పోతుంటారా భాయ్?" అని అడిగాను.

"అమ్మో! నేనెప్పుడూ పడవెక్కలేదు. నాకు భయం" అన్నాడు.

జన్మలో పడవెక్కని మనిషి, ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళ తాడు తెగకూడదని దూదితో వెతుకుతున్నాడు. నేను బస్సులో వస్తూ ఆ ఉంగరం లోపల వేలితో రాస్తూనే ఉన్నాను. మీరు కొత్త లంగరు తెచ్చుకున్నప్పుడు దూదితో చూడండి. రెండు నిమిషాల పని.

అడుగుకు కట్టే పద్ధతి

ఇది తెలియకపోతే తరవాత చెప్పబోయేది మీకు అర్థం కాదు, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ఇసుకలోనో బురదలోనో అయితే తాడును లంగరు పై ఉంగరానికి కట్టాలి, పైన చెప్పినట్టు. రాళ్ళున్నచోట అట్లా కడితే గోళ్ళు రాళ్ళ సందులో ఇరుక్కుంటాయి. ఎంత లాగినా రావు. తాడు కోసి లంగరును అక్కడే వదిలి రావాల్సిందే. అందుకని రాళ్ళ దగ్గర మన జాలర్లు వేరేగా కడతారు. తాడును అడుగున, గోళ్ళు కలిసేచోటున్న చిన్న ఉంగరానికి గట్టిగా కడతారు. తరవాత తాడును కాడ వెంట పైకి తెచ్చి, పై ఉంగరానికి ఉత్త పురికొసతో నాలుగు చుట్లు చుట్టి కట్టేస్తారు. మామూలుగా నిలబడినప్పుడు లాగుడు పైనుంచే ఉంటుంది. లంగరు ఇరుక్కుపోయిందనుకోండి, పడవను దాని నెత్తి మీదికి తెచ్చి బలంగా గుంజుతారు. పురికొస తెగుతుంది. లాగుడు అడుగుకు మారుతుంది. వెనక్కి లాగిన గాలంలా లంగరు రాళ్ళలోంచి బయటికొస్తుంది.

తెగడానికని కట్టే కట్టు ఇది. మొదటిసారి చూసినప్పుడు పోలయ్యన్న బద్ధకించి పురికొసతో సరిపెట్టాడనుకున్నాను. సంగతి తెలిశాక నోరు వెళ్ళబెట్టాను. గట్టిగా కట్టడం ఎవడైనా నేర్చుకుంటాడు. ఎప్పుడు తెగాలో లెక్కేసి కట్టడం ఉంది చూశారూ, దానికి నేను దండం పెట్టాను.

అయితే ఒకటి. రాళ్ళ దగ్గర పని కాగానే ఈ కట్టు విప్పేసి, తాడును మళ్ళీ పై ఉంగరానికి కట్టేయాలి. ఆ రోజే. రేపని కాదు.

పెన్న మొగ దగ్గర

నేను చేరి పద్దెనిమిదేళ్ళయింది అప్పటికి. నా ముడి పోలయ్యన్న చూడటం మానేసి కూడా చాలా ఏళ్ళయింది. నన్నడిగితే నా సర్వీసు మొత్తంలో నాకు దక్కిన మెచ్చుకోలు అదే.

కార్తీక మాసం. ముందురోజు కొత్త రేవు గోడ దగ్గర పని. బండరాళ్ళు పోసి కట్టిన గోడ అది, అందుకని లంగరును అడుగుకు కట్టి, కుదుపు ఎక్కువని పైన పురికొస ఏడు చుట్లు చుట్టాను. సాయంత్రం ఒడ్డుకొచ్చాక విప్పి కట్టాలి. బస్సు వేళయింది, పొద్దున చూద్దాంలే అనుకున్నాను.

పొద్దున ఏమైందంటే, మరిచిపోయానని రాస్తే మీరు నమ్ముతారు. కానీ మరిచిపోలేదు. తాడు చుట్ట కింద లంగరు కనిపిస్తూనే ఉంది. గాలి లేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి, మూడు చోట్లే పని. ఒక్క పూటకు ఏమవుతుందిలే అని వదిలేశాను. అదీ నిజం.

ఆ రోజు మాతో వచ్చింది లతగారు. కావలిలో కాలేజీ లెక్చరరు, నీళ్ళ మీద ఏదో పరిశోధన చేస్తుండేది. అంతకుముందు రెండు మూడుసార్లు వచ్చింది. ఈత రాదు. ఏది దించినా, ఏది తీసినా "థాంక్సండీ" అనే మనిషి.

రెండు చోట్ల పని అయింది. మూడోది పెన్న సముద్రంలో కలిసే మొగకు ఎదురుగా. అక్కడికి పోతుండగా ఈశాన్యంనుంచి గాలి లేచింది. అరగంటలో అద్దంలాంటి నీళ్ళు ఎగుడుదిగుడు చేను అయిపోయాయి. అంతలో ఇంజను ఒక కూత కూసి, పొగ కక్కి ఆగిపోయింది. నీళ్ళు పీల్చే గొట్టంలో ప్లాస్టిక్ సంచి దూరింది. వేడెక్కి పట్టేసింది. ఎంత తిప్పినా కదలదు.

గాలి మమ్మల్ని ఒడ్డువైపు తోస్తోంది. ఒడ్డు అయితే ఫర్వాలేదు. ఒడ్డుకు ముందు మొగ దగ్గర ఇసుకదిబ్బ ఉంది. దాని మీద అలలు నిలువెత్తు లేచి తెల్లగా విరుగుతున్నాయి. మాకు రెండు మూడు వందల గజాల దూరం. లైఫ్ జాకెట్లు వేసుకునే ఉన్నాం. ఆ దిబ్బ మీద పడవ బోర్లా పడితే జాకెట్లు ఎవరినీ కాపాడవు, జాలరిపల్లెల్లో అందరికీ తెలిసిన సంగతే.

"లంగరెయ్!" అని అరిచాడు పోలయ్యన్న.

ఎత్తి వేశాను. అది నీళ్ళలో మునిగేటప్పుడు కాడ మీద తెల్లటి పురికొస కనిపించింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

తాడు బిగిసింది. పడవ ఒక్క కుదుపు కుదిపి, మొహం సముద్రం వైపు తిప్పి ఆగింది. "హమ్మయ్య, ఆగింది కదండీ" అంది లతగారు.

"ఆగింది మేడమ్. ఇంకేం భయం లేదు" అన్నాను. నా నాలుక అంత సులువుగా ఎట్లా తిరిగిందో!

పోలయ్యన్న పల్లెకు ఫోను చేశాడు. ఆయన మేనల్లుడు పడవ తీసుకుని వస్తానన్నాడు. కాలువలోంచి బయటపడి, గాలికి ఎదురు రావాలి, రెండు గంటలు పడుతుందన్నాడు. రెండు గంటలు! నేను ముందుకు పోయి ఆయన చెవిలో చెప్పాను. నిన్నటి కట్టు మార్చలేదన్నా, పురికొస మీద ఉండాం అని.

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్ళముందుంది. "నీ తలకాయ పగల" అన్నాడు మెల్లగా. తరవాత, "ఎన్ని చుట్లు?"

"ఏడు."

"పైకి లాగి మార్చే సందు లేదు. లాగినామంటే దిబ్బ మీదుంటాం." లతగారి వైపు తల ఊపి, "ఆయమ్మకు చెప్పు" అన్నాడు.

"ఎందుకన్నా, బయపడతాది..."

"ఆయమ్మ పానం మీద నీ పెత్తనమేంది? చెప్పు!"

చెప్పాను. ఇది తెగడానికని కట్టిన కట్టు మేడమ్, మార్చాల్సింది, నేనే మార్చలేదు, ఇందాక మీతో అబద్ధం చెప్పాను అని. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆమె మొహంలో రక్తం లేదు. ఏడవలేదు, తిట్టలేదు. జాకెట్టు తాడు బిగించుకుంది. "మరి నేనేం చెయ్యాలి?" అని అడిగింది, నన్ను కాదు, పోలయ్యన్నను.

"ఇట్రా తల్లీ. అదో, ఆ పక్క సెల్ టవరు. దాని ఎనకమాల నీళ్ళ ట్యాంకు. రెండూ ఒకదాని ఎనక ఒకటి ఉండాయి గదా? పడవ ఊగినప్పుడు రవ్వంత అటూ ఇటూ అవుతాయి, మళ్ళా కలుస్తాయి. విడిపోయి కలవకపోతే లంగరు జారినట్టు. నువ్వు వాటిమీంచి కన్ను తియ్యబాకు. ఉంటే ఉంది అను."

ఆమె పడవ అంచు పట్టుకుని కూర్చుంది. "ఉంది" అంది.

ఇక మేమిద్దరం పనిలో పడ్డాం. మొదట ఉన్న తాడంతా వదిలాం. ఐదు బారల లోతుకు నలభై బారల తాడు. తాడు ఎంత పొడుగుంటే లాగుడు అంత అడ్డంగా, అంత మెత్తగా ఉంటుంది. పడవ అంచుకు తాడు ఒరుసుకునేచోట పోలయ్యన్న తన తువ్వాల చుట్టాడు. తరవాత ఆయన చూపు యంత్రం దించే ఇనుప దిమ్మ మీద పడింది. ముప్పై కిలోలు ఉంటుంది. "మా నాయన నడుమ బొక్కుండే రాయిని తాడుకు తొడిగి జారవిడిచేవోడు. తే దాన్ని" అన్నాడు. దిమ్మకు కడియం తగిలించి, ఆ కడియాన్ని లంగరు తాడుకు తొడిగి, ఇంకో సన్నతాడుతో మెల్లగా సగం దూరం దాకా జారవిడిచాం. బరువుకు లంగరు తాడు నడుమ కిందికి వంగింది. ఇక అల పడవను ఎత్తినప్పుడు ముందు ఆ దిమ్మ లేవాలి. ఆ తరవాతే కుదుపు లంగరుదాకా పోవాలి.

అబ్బ! ఎంత తేడా వచ్చిందో చెప్పలేను. అంతకుముందు ప్రతి అలకూ తాడు గిటారు తీగలాగా జివ్వుమనేది. ఇప్పుడు సాగి, ఆగి, మెల్లగా తిరిగొస్తోంది. నేను తాడు మీద చెయ్యేసి కూర్చున్నాను. అడుగున ఏం జరుగుతుందో చేతికి తెలుస్తుంది. గోళ్ళు బురదలో సర్దుకోవడం, ఇసుకరేణువులు తాడుకు తగలడం, అన్నీ. ఎక్కడో కనపడనిచోట ఏడు చుట్ల పురికొస, నేను ఏమాత్రం లెక్కచేయని పురికొస, మా ముగ్గురినీ పట్టుకుని ఉంది. దేవుడి గుళ్ళో కూడా నేనంత నిశ్శబ్దంగా ఎప్పుడూ కూర్చోలేదు.

"ఉంది" అంటోంది లతగారు. ఒక అల పోయాక, "ఉంది." ఇంకో అల. "ఉంది." గొంతు ఎండి బొంగురు పోయింది. పోలయ్యన్న మూత తీసి నీళ్ళ సీసా నోటికి అందిస్తే, కన్ను తిప్పకుండానే తాగింది. వెనక దిబ్బ మీద అలల చప్పుడు ఎక్కువైంది. ఒకసారి పెద్ద అల వచ్చింది. పడవ ముక్కు ఆకాశానికి లేచింది. తాడు నీళ్ళలోంచి మొత్తం పైకి లేచి, నీళ్ళు కారుతూ తిన్నగా సాగింది. పడవ దిగింది. ఆమె ఏమీ అనలేదు. ఇంకా ఏమీ అనలేదు.

"...ఉంది" అంది.

రెండు గంటలు దాటాక మేనల్లుడి పడవ వచ్చింది. ఆ పిలగాడు, పిలగాడేముందిలే, ముప్పై ఏళ్ళవాడు, లావుపాటి మోకు విసిరితే పోలయ్యన్న అందుకుని ముందు కొక్కానికి కట్టాడు. వాళ్ళ ఇంజను రొద చేసింది. మా పడవ ముందుకు కదిలింది.

"జరిగింది! అన్నా, జరిగింది!" అని గావుకేక పెట్టింది లతగారు. టవరూ ట్యాంకూ విడిపోయాయి మరి. మమ్మల్ని లాగుతున్నారన్న సంగతి ఆమెకు తెలియలేదు. వెనక్కి తిరిగి చూడనే లేదు కదా! పోలయ్యన్న "ఇంక చాల్లే తల్లీ, కన్ను తియ్" అన్నాడు. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

పడవ లంగరు నెత్తి మీదికి రాగానే దిమ్మను పైకి తీసి, మెల్లగా తాడు లాగాం. లంగరు బురదతో పైకొచ్చింది. అంచు మీద పెట్టాను. ఏడు చుట్లలో ఆరు పీచుపీచై వేలాడుతున్నాయి. ఒక్కటి మిగిలింది. అదన్నా సరిగ్గా ఉందేమో చూద్దామని బొటనవేలు ఆనించాను. లాగలేదు, ఆనించానంతే. తెగిపోయింది. చప్పుడు కూడా రాలేదు.

పోలయ్యన్న ఆ పురికొస ముక్క తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. తరవాత నా వైపు తిరిగి, "ఇది నిలబడింది. నువ్వు నిలబల్లేదు" అన్నాడు.

మళ్ళీ పడవ ఎక్కినరోజు

ఆఫీసులో నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇంజను చెడింది, లాక్కొచ్చారు, అందరికీ అంతే తెలుసు. పురికొస సంగతి కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి.

మూడోచోట నీళ్ళు పట్టడం మిగిలిపోయింది. వారం తరవాత తేదీ పెట్టారు. లతగారు రాదనుకున్నాను. కాలేజీనుంచి ఇంకెవరినైనా పంపుతారు, లేదా మనకొద్దీ పని అంటారు అనుకున్నాను. అన్నా నేను తప్పు పట్టేవాణ్ణి కాదు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారన్న భయం కాదు. ఒక మనిషి నా మాట నమ్మి సముద్రం మీదికొచ్చింది, ఇక ఎవరి మాటా నమ్మి రాదేమోనని.

వచ్చింది. భుజాన సంచి, చేతిలో సీసాల పెట్టె. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఆడామగా పదిమంది ఉన్నారు. తిన్నగా పడవ ముందుకు వచ్చి నిలబడింది.

"లంగరు చూపించండి" అంది.

ఎత్తి చూపించాను. తాడు పై ఉంగరానికే ఉంది, పొద్దున్నే కట్టాను. ఆమె వంగి చూసింది. ముడుల గురించి ఆమెకేం తెలుస్తుంది?

"విప్పండి. నా ముందర మళ్ళీ కట్టండి."

ఒడ్డున అందరూ వలలు పక్కనబెట్టి మా వైపు తిరిగారు. పద్దెనిమిదేళ్ళ సర్వీసువాణ్ణి. ఒక్క క్షణం నా మొహం జేవురించింది, అబద్ధమెందుకు. పోలయ్యన్న వైపు చూశాను. ఆయన సముద్రం వైపు తిరిగి బీడీ ముట్టించుకుంటున్నాడు.

విప్పాను. ఒకటో చుట్టు అని చెప్పి దూర్చాను. రెండోది అని చెప్పి దూర్చాను. కొస ఎందుకు కిందనుంచి పోతుందో చెప్పాను, మెలికలు ఎందుకో చెప్పాను, జానెడు కొస మిగిల్చి పురికొసతో కట్టేశాను. ఒకసారి కొస జారింది. మళ్ళీ మొదటినుంచి కట్టాను. ఆమె తొందరపెట్టలేదు. చివరిదాకా చూసింది.

పిల్లలూ, మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు ఇట్లా అడుగుతారు. ముడి గురించి ఓనమాలు తెలియనివాళ్ళే అడుగుతారు. ఉక్రోషపడకండి. విప్పి కట్టండి. వాళ్ళకు ఆ హక్కుంది, ఎందుకంటే ఆ తాడు మీద ఉండేది వాళ్ళు.

అయిపోయాక ఆమె చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మోకాళ్ళలోతు నీళ్ళలోకి వచ్చింది. పడవ ఊగుతోంది. పోలయ్యన్న చెయ్యి చాచాడు. ఆమె అది పట్టుకోలేదు. నా వైపు తిరిగింది.

"చెయ్యివ్వండి, ఎక్కుతాను" అంది.

ఇచ్చాను. పట్టుకుని ఎక్కింది.